ఊచకు నిలవని ముక్కలు

"ఈ ఆదివారం ఒక్కటి గట్టెక్కితే నువ్విక ఉద్యోగానికి వెళ్లక్కర్లేదు" అన్నాడు మా ఆయన, నాకేదో వరమిస్తున్నట్టు.

నేనప్పుడు సింకు ముందు నిలబడి ఇనుప ఊచలు తోముతున్నాను. పెళ్లయిన దగ్గర్నుంచీ వాటిని తోమేది నేనే. మాంసంలో కొవ్వూ నరాలూ తీసి, ముక్కలన్నీ ఒకే సైజులో కోసి, పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి, ఊచలకు గుచ్చి, పెరట్లో బొగ్గులు రాజేసి, అవి కణకణలాడేదాకా విసిరి, అప్పుడు పిలుస్తాను. ఆయన ఇస్త్రీ చొక్కాలో వచ్చి పట్టకారు అందుకుంటాడు. నాలుగుసార్లు తిప్పుతాడు. స్నేహితులు చప్పట్లు కొడతారు. వాళ్లు పెట్టిన పేరే 'నిప్పుల రాజు'. "మావాడి చేతిలో ఏదో ఉందండీ" అంటుంది మా అత్తగారు వచ్చినవాళ్లతో. ఉంది. పట్టకారు.

పోయిన నెల అలాంటి విందులోనే ఒక హోటళ్ల యజమాని ఆ ముక్కలు తిని, నిప్పుల రాజు పేరు మీదే కాల్చిన మాంసం హోటల్ పెడదామన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి ఇంకోసారి రుచి చూసి మాట ఖాయం చేస్తానన్నాడు. హోటల్లో మా ఆయన జనానికి కనబడేలా పొయ్యి దగ్గర నిలబడతాడు. లోపల కోసేది, కలిపేది, గుచ్చేది నేను. అందుకే నా ఉద్యోగం మానిపించడం.

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. వెనక గదిలో ఒక మిషనుంది, దాని మీద అద్దాన్ని ఫ్రేముకి సరిపడా అరగదీయాలి. వెంట్రుకవాసి ఎక్కువైతే అద్దం కూర్చోదు, తక్కువైతే ఊడిపోతుంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ గదిలో నన్నెవరూ "ఏమోయ్, నీళ్లు" అని పిలవరు. మొన్న ఒక లారీ డ్రైవరు నేను బిగించిన జోడు పెట్టుకుని ఎదుటి షాపు బోర్డు గడగడా చదివి, "అమ్మో, ఇన్నాళ్లూ లారీ ఎలా నడిపానమ్మా నేను!" అన్నాడు. మేమంతా పడీ పడీ నవ్వాం. అలాంటి రోజున ఇంటికి నడిచి వచ్చేటప్పుడు నా అడుగుల చప్పుడు నాకే బాగుంటుంది. ఈ సంగతి ఇంట్లో చెబితే, "అద్దాలు రుద్దడం కూడా ఒక ఉద్యోగమేనా?" అంటాడాయన.

"నేను మాననండీ" అన్నాను ఊచ కడుగుతూ.

"మొదట్లో అలాగే అంటావులే."

"సరే. హోటల్ మీది, పేరు మీది. ఈసారి కలపడం కూడా మీరే కలపండి."

ఆయన నవ్వాడు. "ఇన్నేళ్లూ చూడలేదా ఏంటి? అదేమన్నా బ్రహ్మవిద్యా?"

ఏదీ దాచకుండా చెప్పాను. "పచ్చి బొప్పాయి ముద్ద మాత్రం బొగ్గులు రాజేసేటప్పుడే పట్టించండి, అదీ ఒక చెంచాడే. ముందే వేస్తే మాంసం కరిగిపోతుంది" అని రెండుసార్లు చెప్పాను. ఆయన ఫోన్లో ఏదో చూస్తూ బొటనవేలు పైకెత్తాడు.

శనివారం సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి ఫ్రిజ్‌లో గిన్నె సిద్ధంగా ఉంది. చెత్తబుట్టలో బొప్పాయి తొక్కలు కుప్పగా ఉన్నాయి.

"కాయంతా వేశారా?"

"నోట్లో వెన్నలా కరగొద్దూ? నువ్వు పిసినారిలా చెంచాడు వేస్తావు."

"పాడైపోతుందండీ. వేరే మాంసం తెచ్చి మళ్లీ కలపండి."

"నీ కడుపుమంట నాకు తెలుసులే" అన్నాడు.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం హోటళ్లాయన వచ్చి పెరట్లో కుర్చీలో కూర్చున్నాడు. బొగ్గులు మా ఆయనే రాజేసుకున్నాడు, చొక్కా మసైంది. ముక్కలు గుచ్చుతుంటేనే చిరిగిపోతున్నాయి. ఎలాగో పిసికి అతికించి ఊచల్ని నిప్పు మీద పెట్టాడు. మొదటి ఊచ తిప్పాడు. ఊచ తిరిగింది, మాంసం తిరగలేదు. ముద్దలు ముద్దలుగా జారి బొగ్గుల్లో పడింది. మంట లేచింది. పొగకి హోటళ్లాయన దగ్గుతూ లేచి నిలబడ్డాడు. రెండో ఊచా అంతే. మా ఆయన గిర్రున నా వైపు తిరిగాడు.

"ఏం కలిపావే ఇందులో?"

కోపం రావాలి, రాలేదు. ఏళ్ల తరబడి మసకగా కనిపించింది ఒక్కసారిగా స్పష్టంగా కనబడ్డట్టయింది. ముక్క కుదిరితే ఆయన చెయ్యి, చెడితే నాది. కొడుక్కి మంచి మార్కులొస్తే తండ్రి పోలిక, తప్పితే తల్లి గారాబం. ఇల్లు అద్దంలా ఉంటే మావాడు కట్టించిన ఇల్లు, మూలన దుమ్ముంటే కోడలు చూసుకోదు. ఈ లెక్కలో నేనెప్పటికీ గెలవను, ఎందుకంటే నన్ను ఓడినప్పుడే పిలుస్తారు.

"నేను ముట్టుకోలేదండీ. ఈసారి మీరే కలిపారు" అన్నాను.

హోటళ్లాయన దగ్గు ఆపుకుని, "మరి మొన్న మేం తిన్నది ఎవరు కలిపారు?" అన్నాడు.

అత్తగారు ఏదో ఒకటి చెప్పి కొడుకుని గట్టెక్కిస్తుందనుకున్నాను.

"మా కోడలే" అందావిడ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"అమ్మా!"

"అమ్మా లేదు, బొమ్మా లేదు. పొగతో కళ్లు పోతున్నాయి నాకు. కలిపేది ఆ పిల్ల, తిప్పేది నువ్వు. మీ నాన్నా అంతే, చుట్టాలు గుమ్మంలోకి రాగానే గరిట లాక్కునేవాడు."

హోటళ్లాయన పకపకా నవ్వాడు. "అయితే మరీ మంచిది! ఈ అమ్మ ఎలాగూ ఉద్యోగం మానేసి వచ్చేస్తున్నారుగా. ఆ కళ్లజోళ్ల షాపాయన నాకు దోస్తే. మీవారు వెళ్లి చెప్పొచ్చారట కదమ్మా, మీరు మానేస్తున్నారని. రేపట్నుంచి మీ మిషను మీదకి కొత్త మనిషిని పెట్టుకుంటున్నాడు."

మా ఆయన బొగ్గుల్ని చూస్తున్నాడు. "సర్‌ప్రైజ్ ఇద్దామని..." అని నసిగాడు.

ఫోన్ తీసి, అందరి ముందే షాపాయనకి చేశాను.

"సార్, నేను మానడం లేదు. రేపు వస్తున్నాను."

"అదేంటమ్మా, మీ ఆయన వచ్చి..."

"మా ఆయన మీ దగ్గర పనిచేయడు కదా సార్. మానాలనుకున్న రోజు నేనే వచ్చి చెబుతాను."

అవతల నవ్వు వినబడింది. "హమ్మయ్య! పొద్దున్నే వచ్చెయ్. ఆ కొత్తాయనకి పని నేర్పే బాధ్యత కూడా నీదే, చెప్తున్నా."

ఫోన్ పెట్టేశాను. హోటళ్లాయన ముఖంలో నవ్వు సగంలో ఆగింది. "మరి మన హోటల్ సంగతి?"

"నన్ను అడుగుతున్నారా, ఆయన్ని అడుగుతున్నారా?"

ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మిమ్మల్నేనమ్మా."

"ఇప్పటిదాకా ఎవరూ నన్ను అడగలేదండీ. అడిగారు కాబట్టి చెబుతున్నా. నాకొద్దు."

అత్తగారు గొంతు సవరించుకుంది. మా ఆయన ఖాళీ ఊచ పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. "సరే, అది తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు సార్‌కి ఏం పెడదాం?" అన్నాడు గుసగుసగా.

"ఫ్రిజ్‌లో గుడ్లున్నాయి, ఆమ్లెట్లు వేసి తీసుకురండి" అన్నాను, హోటళ్లాయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నాదాంట్లో పచ్చిమిర్చి కాస్త ఎక్కువ వేయండి."