అది వరి బాబూ!

తనిఖీకొచ్చిన తెల్ల సర్కారు కారు గట్టు పక్కన ఆగగానే కౌలు రైతు తన నోటికి తాళం వేసుకుంది. తాళంచెవి పళ్ళ డాక్టరు జేబులో ఉంది. పొలం ఆయనది, సాగు ఆమెది. కాగితాల్లో మాత్రం రెండూ ఆయనవే.

"నువ్వు కూలికొచ్చావు, అంతే," అని పొద్దున్నే ఫోన్లో చెప్పాడాయన. "మాట జారావో, వచ్చే ఏడాది కౌలు ఇంకొకరికి. తర్వాత నన్నేమీ అనుకోకక్కా."

ఎనిమిదేళ్ళుగా ఆ మూడెకరాలు ఆమే చేస్తోంది. సర్కారు సబ్సిడీ మీద ఇచ్చేవి మాత్రం "సాగుదారు" అన్న గడిలో ఎవరి పేరుంటే వాళ్ళకే. పోయినేడాది అలా వచ్చిన మోటారు డాక్టరుగారి మేడ మీద గులాబీలకి నీళ్ళు పెడుతోంది. ఆమె పాత మోటారు కిందటి వారమే కాలిపోయింది. చేలో నీళ్ళు ఇంకో నాలుగు రోజులకి మించి నిలవవు. ఇవాళ్టి తనిఖీ అయ్యాక వచ్చే మోటారు కూడా మేడెక్కితే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

మొగుడు పక్కకొచ్చి గొణిగాడు. "పళ్ళు బిగించి ఊరుకో. ఆయన చూసేది పళ్ళేగా."

"నీ జోకులు తగలెయ్య!"

తనిఖీకి వచ్చిన అధికారిణి ట్యాబ్ తీసింది. "సాగుదారు మీరేనా?"

"నేనే మేడం," అన్నాడు డాక్టరు. "మట్టి వాసన తగలకపోతే నాకు నిద్ర పట్టదు."

మొగుడికి దగ్గొచ్చింది.

"అయితే చేలోకి దిగండి. పని చేస్తూ ఫొటో కావాలి. కొత్త రూలు."

"గట్టు మీద నిలబడితే..."

"గట్టు మీద నేనూ నిలబడ్డాను. నాకెవరూ మోటారివ్వరు. ఓ గుప్పెడు కలుపు తీసి చూపించండి, చాలు."

డాక్టరు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి దిగాడు. పిక్కల దాకా బురద. ఎదురుగా వరీ, ఊద అనే కలుపు గడ్డీ కవల పిల్లల్లా నిలబడి ఉన్నాయి. ఆకు మొదట్లో సన్నటి నూగుంటే వరి, నున్నగా ఉంటే ఊద. ఆమె చూడక్కర్లేదు, వేళ్ళకే తెలుస్తుంది.

డాక్టరు పన్ను పీకినంత ఒడుపుగా ఒక దుబ్బు పీకి, కెమెరా వైపు నవ్వాడు. ఆమె గోళ్ళు అరచేతిలో దిగాయి. ఇంకో దుబ్బు పీకాడు. ఆమె కళ్ళు మూసుకుంది. మూడోది పీకిన చప్పుడు వినపడింది.

"అయ్యో, అది వరి బాబూ! ఊద మీ కాలి పక్కనుంది!"

మొగుడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"కూలి మనిషి మేడం," అన్నాడు డాక్టరు. "నోరెక్కువ."

అధికారిణి తల కూడా తిప్పలేదు. "నాటి ఎన్నాళ్ళయింది డాక్టరుగారూ?"

డాక్టరు నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ జవాబు కోసం కౌలు రైతు వైపు చూశాడు. ఆ చూపు అధికారిణి కంటబడింది.

ఈసారి ఆమె ట్యాబ్‌తో సహా కౌలు రైతు వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఎన్నాళ్ళు?"

మొగుడు వద్దన్నట్టు తలూపాడు.

"ఇరవై రెండు రోజులు," అంది కౌలు రైతు.

"సాగు ఎవరిది?"

"అక్కా, వచ్చే ఏడాది ఒకటుందని గుర్తుంచుకో," అన్నాడు డాక్టరు.

"దానికి ముందు ఈ ఏడాది ఉందిగా బాబూ," అంటూ ఆమె చీర ఎగదోపుకుని చేలోకి దిగింది. "నాదే మేడం. ఎనిమిదేళ్ళుగా."

డాక్టరు చేతిలోంచి మూడు దుబ్బులూ తీసుకుంది. వంగి, మొదటిది బురదలో గుచ్చి, వేళ్ళతో అదిమింది. వంగే తన పేరు చెప్పింది. అధికారిణి గడిలో పాత పేరు కొట్టేసి, కొత్తది ఎక్కించి, కెమెరా ఎత్తింది.

"మొహం కనపడట్లేదు. తలెత్తమ్మా."

"ఉండండి మేడం. ఇంకా రెండు దుబ్బులున్నాయి."