సీటు మీద లేని మనిషి

“ఈ సంవత్సరం నలభై మూడుసార్లు మీరు సీటు మీద లేరు తాయీ,” అని సూర్యకాంత్ మరాఠీలో, అక్కా అన్న పిలుపు తగిలించి మరీ చదువుతుంటే గోదావరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాందేడ్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రికి అతను మేనేజరు. ఆమె రోగులకు ఓపీ చీటీలు రాసే రెండో కౌంటరు క్లర్కు. ఏటా ఒకసారి పనితీరు మీద మాటలు పడి, కాగితం మీద సంతకం పెడితేనే కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తారు. సంతకానికి పైన ‘ఉద్యోగి అభిప్రాయం’ అని ఒక గడి ఉంటుంది. అందులో “మాన్య ఆహే”, ఒప్పుకుంటున్నాను అని, అందరి కాగితాల్లోనూ సూర్యకాంతే ముందుగా రాసి ఉంచుతాడు. అభిప్రాయం కూడా వాళ్లే రాసిస్తారు, ఎంత దయో!

సీటు మీద లేని మాట నిజమే. మరి ఎక్కడుంది? బిలోలి, దెగ్లూర్ వైపు నుంచి వచ్చే తెలుగు ముసలివాళ్లు జ్వరమో దగ్గో అయితే వచ్చీరాని మరాఠీలో నెట్టుకొస్తారు. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తేనే ఆసుపత్రివాళ్లు, తెలుగు వచ్చింది ఆమె ఒక్కదానికే గనక, “గోదావరిని పిలవండి” అంటారు. డాక్టరు రిపోర్టు చూసి రెండు ముక్కలంటాడు, ఫోనొచ్చిందని లేచిపోతాడు. తరువాత ఏడ్చేవాళ్లను పట్టుకుని కూర్చునేది ఆమే. మొన్నటికి మొన్న కుండల్‌వాడి పెంటవ్వకు, నీ మొగుడి కాలు తీసేయాలట అని చెప్పింది ఎవరు? పెంటవ్వ ఆమె చెయ్యి వదల్లేదు. “కాలు తీస్తే కూలికెట్ల పోతడు బిడ్డా? నువ్వన్న జర డాక్టర్‌కు చెప్పరాదు,” అని ఒకటే ఏడుపు. ఆ గంటసేపు ఈ కాగితంలో ఒక తప్పుగా ఎక్కింది.

ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం సహించక కూర్చుంటే భర్త నాగనాథ్ ఏమన్నాడు? “గంతగానం ఏమైంది? కుర్చీల కూసొని మాట్లాడుడే గద నీ పని. అమ్మకు జర చాయ్ పెట్టు.” అత్త అందుకుంది: “మేం చేన్ల కూలి చేసి అచ్చినా గిట్ల మూతి ముడుసుకోలె.” ఇంట్లో మాత్రం తక్కువా! ఆడబిడ్డకు ఈసారి పండక్కి రావద్దని చెప్పడం, పైవాటా వాళ్లను ఖాళీ చేయమనడం, చేదు మాటలన్నీ ఆమెవే. “నువ్వైతే మంచిగ చెప్తవు” అంటారు. మంచి కబురు చెప్పాలంటే నాగనాథ్ ఎప్పుడూ ముందుంటాడు.

“ఇంకో మాట,” అన్నాడు సూర్యకాంత్. “మీ గొంతు కాస్త కటువుగా ఉంటుందని డాక్టరుగారు అన్నారు. మనసులో పెట్టుకోకండి. నవ్వుతూ ఉంటే చాలు.”

కటువు! చెప్పేదాకా కూర్చోండి, వాళ్లు ఏమైనా అడుగుతారు అని డాక్టరుతో ఒకే ఒక్కసారి అన్నందుకు! గోదావరికి ఒళ్లు మండిపోయింది.

“ఆ నలభై మూడుసార్లూ నన్ను పిలిచిందెవరు సార్? నేను షికారుకు పోయానా?”

“అది పని కాదు కదా తాయీ, సాయం. మీకు వచ్చిన భాషే కదా. సంతకం పెట్టండి, పొడిగింపు పంపించేస్తాను. పెట్టకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు.”

ఆమె పెన్ను తీసుకుంది. “మాన్య ఆహే” మీద అడ్డంగా గీత కొట్టింది. బోధన్ బడిలో పదో తరగతి దాకా తెలుగు రాసిన చెయ్యి. పెళ్లయి ఇక్కడికొచ్చిన పద్నాలుగేళ్లలో ఆ రాతతో ఎవరికీ అవసరం పడలేదు. ఇకమీదట డాక్టరు కూర్చుని తన నోటితో చెబితేనే తాను తెలుగులో చెబుతానని, దాన్ని తన పనుల్లో ఒకటిగా రాయాలని, పిలిచినవాళ్లే తప్పు ఎన్నడం సిగ్గుచేటని, గడి నిండి అంచుల్లోకి పాకేలా రాసింది. సంతకం కూడా తెలుగులోనే పెట్టి కాగితం అతని ముందుకు తోసింది.

సూర్యకాంత్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. “ఏం రాశారిది? నాకెలా అర్థమవుతుంది?”

గోదావరి కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

“తెలుగు వచ్చిన మనిషిని ఎవరినైనా పిలిపించుకోండి సార్. నేను మాత్రం సీటు మీదే ఉంటాను.”