బీరువాలో ఫ్లోరెస్ పుర్రె

ఫోన్ మోగేసరికి నేను అల్ సద్‌లోని మా స్కూలు లాబ్‌లో, ఖాళీ బీరువా ముందు నిలబడి ఉన్నాను.

"లలితకుమారి మేడమేనా? నేను ఖుత్బుద్దీన్, మెసైమీర్ లేబర్ క్యాంప్ ఇన్‌ఛార్జిని. మీ లాబ్‌ల ఊడ్చే లస్మయ్య మా క్యాంప్ ఎనక చిన్న పిల్లగాని పుర్రె పాతిపెడ్తుంటే దొరికిండు. యాడిదంటే నోరిప్తలేడు. పోలీసులకు చెప్పాలె ఇంక."

అది పిల్లాడిది కాదు, అసలు ఎముకే కాదు. ఇండోనేషియాలో ఫ్లోరెస్ అనే దీవిలో, ఒక గుహలో, మూడున్నర అడుగుల మనుషుల ఎముకలు దొరికాయి. మనకు దూరపు చుట్టాలు, ఎప్పుడో అంతరించిపోయారు. వాళ్ళలో ఒకావిడ పుర్రెకు ప్లాస్టర్ నకలు పాఠం కోసం తెప్పించాను. ఒలిచిన కొబ్బరికాయంత ఉంటుంది. పెచ్చులూడకుండా రోజూ తువ్వాలలో చుట్టి దాచేదాన్ని.

వెంటనే టాక్సీ ఎక్కాను. చూస్తే అచ్చం ఎముకే, ప్లాస్టరంటే ఎవరు నమ్ముతారు? దేశం కాని ఈ అరబ్బు దేశంలో పోలీసులు నన్ను కూర్చోబెడితే? ఈ లస్మయ్య బుద్ధి గడ్డి తిన్నదా అని తిట్టుకున్నాను.

క్యాంపు ఆఫీసు గదిలో లస్మయ్య గోడకానుకొని నిలబడ్డాడు. వరల్డ్ కప్ స్టేడియం కూలీలు కిటికీ దగ్గర మూగారు. బల్ల మీద పుర్రె, దాని నిండా ఉప్పూ పసుపూ.

తాళంచెవితో అడుగున గీకాను. తెల్లటి పొడి రాలింది. ఖుత్బుద్దీన్ దాన్ని వేలితో నలిపి చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఇది బొమ్మ. అది కూడా పెద్దావిడ బొమ్మ, జ్ఞానదంతాలు చూడు," అన్నాను లస్మయ్యతో. "ఎందుకు తీశావయ్యా?"

"పసిపిల్లలను కాలవెట్టరు గద మేడం, ఉప్పు పసుపు ఏసి మన్నుల వెట్టాలె. మీరు సెలవులకు ఊరికి పోతుండ్రి. అది బీరువల్నే ఉంటదాయె."

"మరి ఎక్కడిదో చెప్పొచ్చు కదా?"

"దినాం తువ్వాల చుట్టి పండవెడ్తుంటిరి. మీ బిడ్డ అనుకున్న. చెప్తే మిమ్మల్ని తీస్కపోతరని బుగులైంది."

నాకు సిగ్గేసింది. ఈ మనిషెవరో నాకు తెలియదని పోలీసులకు ఎలా చెప్పాలా అని, టాక్సీ దిగేదాకా నేను మాటలు వెతుక్కుంటూ వచ్చాను.