రెండు చుక్కలు

చింతపండు పిసుకుతున్నాను. కొండ దిగి వచ్చే చుట్టాలకు పులిహోర కావాలట. తిరుపతిలో కాపురమంటే ఇంతే, మొక్కు ఎవరిదైనా కిందికొచ్చాక వడ్డించాల్సింది మనమే. ఈసారి మా ఆయన హరినాథ్ వాళ్ల పెద్దమ్మ, వ్యాను నిండా జనంతో.

నేనేమో ఈరోజు కాట్పాడి రైలెక్కాలి. ఆ పక్కనే ఉన్న వేలూరులో ఒక గ్రంథాలయానికి అరువిచ్చిన పాత అరబ్బీ కథల రాతప్రతిని సాయంత్రం సొంతదారులు వెనక్కి తీసుకెళ్లిపోతున్నారు. నా పరిశోధనంతా దాని చివరి పేజీ మీదే ఉంది. రాసిన మనిషి పేరు చెప్పుకోలేదు. ‘బింత్ కాసిం’ అని మాత్రం రాసింది. కాసిం కూతురు అని. రాతప్రతుల జాబితా తయారుచేసిన పెద్దమనుషులు ఆ మాట చివర ‘త్’ను తెలిపే రెండు చుక్కలను పురుగు తిన్న బొక్కలనుకున్నారు. ‘బిన్’ అని చదివి ఆమెను కొడుకును చేసేశారు. ఫోటోలో తేలడం లేదు. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడాలి. వెలుతురు దూరితే బొక్క, దూరకపోతే సిరా. అంతే పని. ఆ పనికి నాకు ఒక్క పగలు కావాలి.

అరబ్బీ అని బయట చెప్పడానికి మా ఆయనకు నామోషీ. “మా ఇంట్లో తాళపత్రాలు సదువుతాది” అంటాడు. ‘మా ఇంట్లో’ అంటే నేనే. పెళ్లయి ఇన్నేళ్లయినా నలుగురి ముందు ఆయన నోట రేవతి అన్న పేరు నేను వినలేదు. అత్త భారతమ్మదీ అదే తీరు. “ఆ కోడిగీతలు సదివి ఎవురికి పెడతావమ్మా?” అంటుంది, నేను పెట్టిన అన్నం తింటూ.

నిన్న టికెట్ చూపిస్తే ఆయన నవ్వాడు. “ఆ పుస్తకం యాడికి పోతాది మే? రెండొందలేండ్ల నుంచి ఉండాది గదా. పెద్దమ్మోళ్లు మళ్లీ మళ్లీ వస్తారా?”

వస్తారు. ఏటా వస్తారు.

ఇప్పుడు హాల్లోంచి ఆయన గొంతు వినిపిస్తోంది. ఫోన్లో ఉన్నది నా పరిశోధన గైడు.

“మా ఇంట్లో ఈ దినం రాదు సార్. సుట్టాలు వస్తా ఉండారు. జాబితాలో ఉండేట్టే కొడుకని రాసేయండి, పర్వాలేదు.”

పర్వాలేదట. ఒళ్లు మండిపోయింది. ఆమెకు పేరు ఎలాగూ మిగల్లేదు. కూతురన్న ఆ ఒక్క మాట కూడా ఇక్కడ పులిహోర కింద పోతుందన్నమాట.

చేతులు కడుక్కున్నాను. చీర మార్చుకుని, భూతద్దం సంచిలో వేసుకుని హాల్లోకొచ్చాను.

“చింతపండు పిసికి పెట్టినాను. పులుసు ఉడికించి, మీరే కలుపుకోండి.”

ఆయన చేతిలో ఫోను అలాగే ఉంది. “సుట్టాలొచ్చి నిన్ను అడిగితే ఏం జెప్పాల?”

చెప్పులు వేసుకున్నాను.

“మా ఇంట్లో లేదని చెప్పండి.”