మామగారి ‘వద్దు’

మామగారికి పొద్దున లేచింది మొదలు ఒకటే మాట: వద్దు. టిఫిన్ వద్దు, మందు వద్దు, ఫ్యాను వద్దు, చుట్టాలు అసలే వద్దు. నాలుగేళ్ళుగా విని విని కోడలికి చెవులు చిల్లులు పడ్డాయి. ఇప్పుడు ఆ మాటే పోతుందేమోనని భయం పట్టుకుంది.

అది ఆయన నోట్లోంచి వచ్చే మాట కాదు. నరాల జబ్బు ఒళ్ళంతా తినేసి, మెడనీ ఎడమ పాదాన్నీ మాత్రం దయతలచి వదిలిపెట్టింది. గొంతు పోబోతోందని డాక్టర్ చెప్పిన రోజే ఆయన మైకు ముందు కూర్చున్నాడు. రేడియోల నుంచి కంప్యూటర్ల దాకా బాగుచేసిన మనిషి. మూడు నెలల్లో రెండు వేల ఎనిమిది వందల మాటలు రికార్డు చేసి, అరచేతిలో పట్టే కంప్యూటర్లోకి ఎక్కించి, లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మాటల పెట్టె తానే తయారుచేసుకున్నాడు. తెర మీద మాటలు ఒక్కొక్కటే వెలుగుతాయి. కావలసింది రాగానే కాలితో పెడల్ నొక్కితే, ఆయన గొంతే పలుకుతుంది.

అదంతా ఉన్నది గోరంత మెమరీ కార్డులో. ఊరందరి కంప్యూటర్లకీ కాపీలు తీసిపెట్టిన ఈయన, తన గొంతుకి రెండో కాపీ ఉంచుకోలేదు. దీపం కింద చీకటంటే ఇదే. వారం రోజులుగా ఆ కార్డు పాడైపోతూ వస్తోంది. ‘వద్దు’ అనబోతే ‘వ’ దగ్గరే తెగిపోతోంది. అందులో ఉన్నదంతా ఎస్ఎస్‌డి అనే కొత్త డిస్కులోకి మార్చాలి. కొడుకు పనిమీద వెళ్ళి ఇంకో పది రోజులకి గాని రాడు, అప్పటిదాకా కార్డు ఆగేలా లేదు. ఇక మిగిలింది బట్టలు కుట్టే కోడలు.

మామగారు రెండు రోజులపాటు పెడల్ నొక్కి, తెర మీద అక్షరం అక్షరం కూర్చి, ఏం చెయ్యాలో పదకొండు అంచెలుగా చెప్పాడు. ఆమె కొలతల పుస్తకంలో రాసుకుంది. ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ‘పెట్టె ఆపాక నేను చెప్పలేను. పుస్తకం చూసి చెయ్యి’ అన్నదే ఆయన చివర్లో రాసిన మాట.

కోడలు పెట్టె ఆపింది. కార్డు తీసి, వైరున్న రీడర్లో పెట్టింది. పక్కన తన ల్యాప్‌టాప్ తెరిచింది. అందులోనూ మామగారు ఎప్పుడో ఎక్కించిన లైనక్సే.

నాలుగో అంచె: ముందు కార్డు తగిలించు, తర్వాత ఎస్ఎస్‌డి. చేతికి ముందు అందింది ఎస్ఎస్‌డి వైరు. ఏది ముందైతేనేంలే అనుకుని తగిలించేసింది, ఆ తర్వాత కార్డు రీడర్. ఏది ముందొస్తే దానికి లైనక్స్ ‘ఎ’ అని పేరు పెడుతుంది, తర్వాత వచ్చినదానికి ‘బి’. సరుకేమిటో దానికి అక్కర్లేదు, వచ్చిన వరసే చూస్తుంది. పుస్తకంలో ఉన్నదేమో ‘ఎ’ లోంచి ‘బి’ లోకి కాపీ. అంటే ఖాళీ డిస్కు వెళ్ళి గొంతు మీద కూర్చుంటుంది. పైగా ఆ కమాండుకి మొహమాటం లేదు. నిజంగానే చెయ్యమంటావా అని మాటవరసకైనా అడగదు.

ఇవేవీ కోడలికి తెలియవు. ఒక్కో అక్షరం పుస్తకంతో సరిచూసుకుంటూ టైపు చేసింది. పక్కన కుర్చీలో మామగారు తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు.

"ఇదీ వద్దేనా మామయ్యా? మీరేగా చెప్పారు!"

ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. పెడల్ మీద కాలు టపటపా కొట్టింది.

"పెట్టె ఆపేశాంగా, పలకదు. కాస్త ఓపిక పట్టండి. ఒక్క ఎంటర్ కొడితే అయిపోతుంది."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె ఆయన మొహం చూడలేదు, పుస్తకమే చూస్తోంది. వేలు ఎంటర్ మీదికి వెళ్ళింది.

మామగారి కాలు పెడల్ వదిలేసి, బల్ల మీంచి వేలాడుతున్న రీడర్ వైరుని వేళ్ళ మధ్య బిగించి లాగేసింది. రీడర్ కార్డుతో సహా ఎగిరి నేల మీద పడింది.

కోడలికి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎంత పని చేశారు మామయ్యా! అది మీ గొంతు! దాని మీద కూడానా మీ మొండితనం?"

అరిచినందుకు తనకే ఏడుపొచ్చింది. కార్డు ఉందో పోయిందోనని ల్యాప్‌టాప్‌కి తగిలి ఉన్నవాటి జాబితా గబగబా తెప్పించి చూసింది. ‘ఎ’ ఉంది. అమ్మయ్య, కార్డు ఉందన్నమాట అనుకుంది. మరి నేల మీద పడి ఉన్నదేమిటి?

ఆమె నేల మీది రీడర్ చేతిలోకి తీసుకుంది. కార్డు ఊడిపోయినా ‘ఎ’ ఉందంటే, ‘ఎ’ కార్డు కాదు. ఎంటర్ కొట్టి ఉంటే ఈపాటికి ఆయన గొంతు చెరిగిపోతూ ఉండేది.

"తప్పయింది మామయ్యా" అంది. ఆయన తల మొదటిసారి నిలువుగా ఊగింది.

రెండూ ఊడదీసి, ముందు కార్డు, తర్వాత ఎస్ఎస్‌డి తగిలించింది. కార్డు కనిపించింది. ఎంటర్ కొట్టేముందు ఆయన మొహం చూసింది. తల నిలువుగా ఊగాకే కొట్టింది. ఎంత కాపీ అయిందో చూపే అంకెలు పెరిగాయి. ఇరవై ఏడు జీబీ దగ్గర రెండు నిమిషాలు ఆగిపోయాయి. మళ్ళీ కదిలాయి. గంటకి గాని పూర్తికాలేదు.

ఎస్ఎస్‌డిని పెట్టెకి తగిలించి, కార్డు లేకుండానే స్విచ్ వేసింది. తెర నల్లగా ఉండిపోయింది. తర్వాత మాటలు వెలగడం మొదలయ్యాయి.

కోడలు ఆయన వైపు తిరిగింది.

"టీ పెట్టమంటారా మామయ్యా?"

పెడల్ టక్కుమంది.

"వద్దు."

ఎక్కడా తెగలేదు. ‘వ’ నుంచి చివరిదాకా, ఆ విసుగుతో సహా, నాలుగేళ్ళ కిందటి మనిషి గొంతు గది నిండా పలికింది. కోడలు పెడల్ పక్కనే నేల మీద కూర్చుంది.

"ఇంకొక్కసారి అనండి మామయ్యా" అంది.