రాఘవులు నాలుక

జగర్గుండా సంతకు చింతపండు తెచ్చేవాళ్లు ముందు కాటా దగ్గరికి పోరు, రాఘవులు దగ్గరికి పోతారు. గంపలోంచి ఒక రెబ్బ తీసి ఇస్తే ఆయన నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, కాసేపు చప్పరించి, "ఇది వాగు ఒడ్డు చెట్టుది గదా? పోయినేడు ఇంత కండ లేదు" అంటాడు. అమ్మేవాళ్ల మొహం వెలిగిపోతుంది. తమ చెట్టును గుర్తుపట్టే మనిషిని వదిలి ఇంకెవరికి ఇస్తారు? అడవిలో గొడవలకు సంత మూతబడ్డ ఏళ్లలో కూడా ఆయనను వెతుక్కుంటూ గంపలెత్తుకుని ఆయన ఊరు దోర్నపాల్ దాకా నడిచి వచ్చారు. ముప్ఫయ్యేళ్ల వ్యాపారం ఆ ఒక్క నాలుక మీద నిలబడింది.

అది ఎంత గట్టిగా నిలబడిందో పోయినేడు బయటపడింది. సరిగ్గా చింతపండు రోజుల్లో రాఘవులుకు గుండెనొప్పి వచ్చి, పద్దెనిమిది రోజులు జగదల్‌పూర్ ఆస్పత్రిలో పడుకున్నాడు. ఆ పద్దెనిమిది రోజులూ వచ్చిన గంపలు వచ్చినట్టే వెనక్కి పోయాయి. దోర్నపాల్ షెడ్డులో గింజ తీసే ఆడవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ఆయన ఇంటికొచ్చిన రోజు కొడుకు శ్యామ్‌ప్రసాద్, "చూసినవా నాన్నా, నువ్వు లేకపోతే ఇక్కడ ఆకు కూడా కదలదు" అని మురిసిపోయాడు. అందరూ నవ్వారు. రాఘవులుకు మాత్రం గుండె మళ్లీ పట్టేసినట్టయింది. తను పోయిన మర్నాడే షెడ్డుకు తాళం పడుతుందన్నమాట. దాన్ని వాడు పొగడ్త అనుకుంటున్నాడు, వెర్రి నాగన్న.

ఆ మాటకు నవ్వని మనిషి కోడలు కృపారాణి ఒక్కతే. కిరండూల్‌లో రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు, పుట్టింటివాళ్లది విజయనగరం వైపు. ఆ పిల్లకు మాటల్లో డొంకతిరుగుడు లేదు. "మీ నాలుక మీతోనే పోద్ది మావయ్యా. పిడికిలి పట్టడం ఎవులికైనా నేర్పొచ్చు" అంది. పండును పిడికిట బిగించి తడి ఎంతుందో చూడటం, తుంచి ఇసుక తగులుతుందేమో చూడటం, ఎండకు పట్టి రంగు చూడటం, అంతే ఆమె విద్య. షెడ్డులో పనిచేసే ఊర్మిళకు వారంలో నేర్పేసింది కూడా. రాఘవులుకు రోషం వచ్చింది. రెండు రోజులు అన్నం దగ్గర ముభావంగా ఉన్నాడు. మూడో రోజు మామూలయ్యాడు. ఈ ఏడు చింతపండు రోజులు రాగానే కాటా ఆమె చేతికిచ్చి, తను సంతకు రానని చెప్పేశాడు.

చెప్పడమైతే చెప్పాడు. సంత రోజు ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో అప్పటిదాకా ఆయనకు తెలియదు. సంతలో ఒక్క పూటలో తెలుగు, దోర్లీ, గోండీ, హిందీ నాలుగూ మాట్లాడేవాడు. ఇంట్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్క భాషకు కూడా పని తగలదు. భార్య పోయి ఆరేళ్లయింది. అప్పుడు కూడా సంతే ఆయనను మనిషిని చేసింది. ఇప్పుడు ఆ సంతను కూడా తనే వదులుకున్నాడు. అరుగు మీద కూర్చుని జీపుల చప్పుడు వింటూ, ఏడుపొచ్చినంత పనయ్యేది.

పోనీ దానికి ఫలితం ఉందా అంటే అదీ లేదు. వరసగా నాలుగు సంతల్లో సగం గంపలు తిరిగిపోయాయి. "మీరొచ్చాక ఇస్తామంటన్నారు మావయ్యా" అంది కృపారాణి. కోడలికే ఇమ్మని రాఘవులు కబురు పంపాడు. అందరూ తలలూపారు, అయినా గంపలు దించలేదు. ఐదో సంతకు ఆయనే బయల్దేరాడు.

కాటాకు దూరంగా, చాయ్ దుకాణం బల్ల మీద కూర్చున్నాడు. చాయ్ సగం తాగాడో లేదో జనం మూగారు. అప్పటిదాకా కృపారాణి ముందు నిలబడ్డ నలుగురు కూడా గంపలెత్తుకుని ఇటు వచ్చేశారు. ఆమె ఖాళీ కాటాను గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. తను కనిపిస్తే చాలు, పెట్టిన ఏర్పాటంతా కూలిపోతోందని రాఘవులుకు అర్థమైంది.

అందరికంటే ముందు మాసే ఉంది. డెబ్బై దాటిన దోర్ల తెగ రైతు, ఆయనకు మొదటి ఏడు మొదటి గంప ఇచ్చిన మనిషి.

"ఏంది తమ్మీ, నీ సరుకు నువ్వు చూసుకోకుండ ఈడ కూసున్నవు?"

"కోడలు చూస్తది అక్కా. ఆడికే పో."

"నువ్వు బతికుండంగ ఆ పిల్లకెట్ల ఇస్త? నిన్ను సంపినట్టు గాదా?" అంది మాసే మర్యాదగా. "నువ్వు సచ్చినాంక ఇస్తలే."

వెనకున్నవాళ్లంతా అవునవునన్నారు. ఆయన మీద ఉన్న ప్రేమే అది. ఆ ప్రేమే ఇంటిని ముంచేలా ఉంది. రాఘవులు గ్లాసు కింద పెట్టాడు.

"నా నాలిక పనైపోయింది అక్కా. ఆస్పత్రిల మందులేసినప్పటిసంది రుచి తెలుస్తలేదు. ఉప్పు లేదు, పులుపు లేదు. ఏది తిన్నా ఒక్కటే."

అందరూ ఠక్కున ఆగిపోయారు. మాసే మాత్రం ఊరికే నమ్మే మనిషి కాదు. ఒకసారి రెండు చెట్ల పండు కలిపి ఇచ్చి, ఆయన రెండూ చెప్పేదాకా వదల్లేదు. ఇప్పుడు గంప అడుగునుంచి ఒక దోరకాయ తీసి, పెంకు ఒలిచి, "నోరు తెరువు" అంది.

రాఘవులు నమిలాడు. పళ్లు పులిశాయి, దవడలు లాగేశాయి, చెవుల వెనక నరాలు జివ్వుమన్నాయి. మొహం మాత్రం కదలనివ్వలేదు. అంతలోనే ఆ పులుపు కింద సన్నటి తీపి తగిలింది. గుర్తుపట్టాడు. మాసే పశువుల కొట్టం వెనక చెట్టు! పిడుగు పడి సగం మాడిపోయి, మూడేళ్లు ఒక్క కాయ కాయలేదు. "కాసిందా అక్కా!" అన్న మాట పెదవుల దాకా వచ్చేసింది. దాన్ని పండుతోపాటు మింగాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎట్లుంది?"

"ఏం తెలుస్తలేదక్కా."

మాసే మొహం వాడిపోయింది. "పిడుగు చెట్టుది తమ్మీ. మల్ల కాసింది. ముందుగాల చెప్పకుండ నీ నోట్లెయ్యాలని దాసి తెచ్చిన" అంది. ఆయన కళ్లనీళ్లు చూసి కొంగుతో తుడిచింది. గంప నెత్తినెత్తుకుని కృపారాణి దగ్గరికి నడిచింది.

మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే కదిలారు. చావింట్లో చేసినట్టు ఆయన భుజం తట్టి మరీ పోయారు. కృపారాణి పిడికిలి పట్టి చూసి, తూచి, పక్కన పెట్టిస్తోంది. మధ్యాహ్నానికల్లా సంతలో ఒక్క గంప కూడా వెనక్కి పోలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి రాఘవులు చాయ్ ఒక్కడే కూర్చుని తాగాడు.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ కృపారాణి అడిగింది. "నిజమేనేటి మావయ్యా? ఇన్నాళ్లూ మాకెందుకు చెప్పనేదు?"

నిజం ఈమెకు చెబితే శ్యామ్‌కు తెలుస్తుంది. వాడికి తెలిస్తే షెడ్డంతా తెలుస్తుంది, వచ్చే సంతకు మాసే చెవిన పడుతుంది. ముప్ఫయ్యేళ్ల నాలుకను ఈ పూటకే కాదు, ఉన్నన్నాళ్లూ చంపుకోవాలి.

"నిజమే తల్లీ. మీరు బెంగపడతారని చెప్పలేదు."

ఆ పిల్ల కళ్లొత్తుకుంది. చింతచిగురు పప్పు వడ్డించింది. రోజూ వడ్డించగానే, "ఉప్పు సరిపోయిందా మావయ్యా?" అని ఆయన మొహంలోకి చూసేది. ఈ పూట అడగలేదు. ఆ మాట భర్త వైపు తిరిగి అడిగింది. శ్యామ్‌ప్రసాద్ ఫోన్ చూస్తూ, "ఆఁ, బానే ఉంది" అన్నాడు.

బానే ఉండటమేమిటి, అంత బాగా ఆ ఇంట్లో ఎన్నడూ కుదరలేదు. ఆ సంగతి తెలిసిన రాఘవులు తల వంచుకుని తింటున్నాడు.