కంచె తనంతట తాను జరగదు

శశికళ ఉద్యోగం పర్మనెంట్ కావడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజులూ నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకోలేదు.

బ్రూక్‌ఫీల్డ్ అనే ఐటీ పేటలో, ఓ గేమ్ కంపెనీలో టెస్టర్ ఆమె. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆట ఆడాలి, ఎక్కడ తప్పుందో రాసిపెట్టాలి. వినడానికి సుఖంగానే ఉంటుంది. ఒకే గుమ్మంలోంచి మూడువందల సార్లు దూరి చూడండి, తెలుస్తుంది సుఖం.

ఈసారి వచ్చింది అమెరికా ఆట. రెండువందల యేళ్ళ నాటి సంగతి. వాగుకు ఇవతల క్రీక్ అనే స్థానిక జాతి ఊళ్ళు, అవతల కొత్తగా వచ్చి దిగిన తెల్లవాళ్ళ పొలాలు. ఆడేవాళ్ళది క్రీక్ ఊరిపెద్ద పాత్ర. గుర్రాలు పోతాయి, ఆవులు తప్పిపోతాయి, కుర్రాళ్ళు తన్నుకుంటారు. అన్నీ సర్దిచెప్పి రెండు పక్కలా శాంతి నిలబెట్టాలి. శాంతి చెడితే ఆట అయిపోయినట్టే.

ఎవరు ఆడినా ఆటలో పన్నెండో నెలకల్లా ఓడిపోతున్నారు. తెర మీద ఒకటే మాట: "మీ ఊరి కుర్రాళ్ళు గుర్రాన్ని దొంగిలించారు. శాంతి చెడింది."

శశికళది నగరం అంచున సర్జాపుర పక్క ఊరు. అపార్ట్‌మెంట్లు లేచాక ఊరి ఆవులు అక్కడి లాన్‌లో పడడం, వాచ్‌మన్ వాటిని కట్టేయడం, ఊరంతా గేటు ముందుకెళ్ళి అరవడం చూస్తూ పెరిగింది. వాళ్ళమ్మ సొన్నమ్మ మాత్రం అరవదు. ఆవు అటు పోయిందని తెలియగానే, తిన్న మొక్కకు బదులు మొక్క చేతపట్టుకుని తానే ముందు పోయి నిలబడేది. అవతలివాడు నోరు తెరిచేలోపే. శశికళ ఆటలో అదే చేసింది. దారి తప్పి వచ్చిన గుర్రాన్ని అడక్కముందే అప్పగించింది. ఒక్క కుర్రాడినీ వాగు దాటనివ్వలేదు.

పన్నెండో నెల రాగానే, "మీ ఊరి కుర్రాళ్ళు గుర్రాన్ని దొంగిలించారు."

"యాడ దొంగిలించిరప్పా? అందరూ ఇండ్లల్లోనే ఉండారు కదా!" అని తెర మీదే అరిచింది.

మళ్ళీ మొదటినుంచి ఆడింది. ఈసారి గుర్రాలను చూడలేదు, కంచెను చూసింది. వాళ్ళ ఊళ్ళోనూ అందరూ ఆవుల గురించి అరుస్తుంటే మేత భూమిలోకి అపార్ట్‌మెంట్ గోడ చల్లగా వచ్చేసింది మరి. ఇక్కడా అంతే. శాంతి ఎంత బాగున్నా తెల్లవాళ్ళ కంచె నెలకో గడి ముందుకొస్తోంది. వాగు దాటింది. పన్నెండో నెలకు ఊరి మొక్కజొన్న చేలల్లో ఉంది.

పక్క సీటు ఫయాజ్ ప్రోగ్రామర్. కోడ్ తీసి చూశాడు. "నిజమే శశీ. నువ్వేం చేసినా కంచె జరుగుతుంది. పన్నెండో గడి చేరితే యుద్ధం. చూపించడానికి మెసేజ్ మాత్రం ఒకటే ఉంది, గుర్రం దొంగతనం."

శశికళ దాన్ని బగ్ అని, అంటే ఆటలో తప్పని, నమోదు చేసింది. పది నిమిషాల్లో టీమ్ లీడ్ చైతు వచ్చేశాడు. మంచివాడే. తిప్పలన్నీ మంచివాళ్ళతోనే.

"ఇది బగ్ కాదమ్మా, బై డిజైన్. కావాలనే అలా పెట్టారు. హిస్టరీలో ల్యాండ్ పోయిందిగా? క్లోజ్ చేసెయ్."

"పోయిందనే చూపించండి సార్, నేనొద్దంటినా? కంచె జరిపేది వాళ్ళు, దొంగలు మావాళ్ళా?"

"మావాళ్ళేంటి? నువ్వెప్పుడు క్రీక్ అయ్యావ్?"

"పన్నెండు నెలలు ఊరు కాపాడితిని సార్. ఇంకెప్పుడు అయ్యేది?"

ఫయాజ్ మానిటర్ వెనక తల దాచుకుని నవ్వాడు. చైతు నవ్వలేదు. "శుక్రవారం నీ కన్ఫర్మేషన్. ఇది క్లోజ్ చేస్తే లెటర్ నేనే ప్రింట్ తీసిస్తా. లేదంటే నన్నడగొద్దు."

ఉద్యోగం పోతే మళ్ళీ ఆ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే కూర్చుని వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాయాలి. నిరుడు దాకా చేసిందదే. శశికళ క్లోజ్ బటన్ మీద వేలు పెట్టింది. తీసేసింది.

బుధవారం సాయంత్రం ఏడుకు క్లయింట్‌తో వీడియో కాల్. అటు ఆట చేయిస్తున్న మేనేజరమ్మ, ఆమె పక్కన సలహాదారుగా ఓ పెద్దాయన. అమెరికాలోని ఓక్లహోమాలో ఉంటాడు, క్రీక్ మనిషి. చైతు ఇంగ్లీషులో, పెండింగ్ ఏమీ లేదన్నాడు.

"ఒకటి ఉండాది సార్," అనేసింది శశికళ, తెలుగులోనే.

తన ఇంగ్లీషు మీద ఆమెకు నమ్మకం లేదు. అందుకని మాటలు మానేసి ఆట ఆడి చూపించింది. ఆరు నిమిషాల్లో పన్నెండు నెలలు. ఒక్క కుర్రాడూ వాగు దాటలేదు. కంచె నడుచుకుంటూ చేలోకి వచ్చింది. గుర్రం పోయిందని తెర చెప్పింది.

పెద్దాయన పగలబడి నవ్వాడు. "ఈ సంగతి మీద మూడు మెయిళ్ళు రాశాను. ఒక్కటీ ఎవరూ తెరవలేదు." మేనేజరమ్మ తల దించుకుని ఏదో రాసుకుంది. ఆ మెసేజ్ మార్చమంది.

శుక్రవారం లెటర్ వచ్చింది. పర్మనెంట్ కాలేదు, ప్రొబేషన్ మరో మూడు నెలలు. కారణం, అనుమతి లేకుండా క్లయింట్ ముందు మాట్లాడడం.

"హెచ్ఆర్ వాళ్ళు పెట్టారు శశీ," అన్నాడు చైతు. "నేను చాలా ట్రై చేశా."

శశికళ లెటర్ అడుగున చూసింది. "సంతకం మీదే ఉండాది కదా సార్."

చైతు అటూ ఇటూ చూశాడు. ఫయాజ్ ఈసారి తల దాచుకోలేదు, నేరుగా చూస్తున్నాడు.

"సరే. నేనే పెట్టా," అన్నాడు చైతు. "కోపమొచ్చింది, పెట్టా."

"అట్లా చెప్పండి. కంచె ఎవరు జరిపిరో తెలిసిపాయె." శశికళ కుర్చీ ఒకటి అతని వైపు లాగింది. "ఇంక మూడు నెలలు కొట్లాడకుండా పని చేసుకోవచ్చు. కూసోండి."